స్వచ్ఛంద సంస్థ తన పనిని అందరికీ తెరిచి పెట్టడం ఎలా?

చిన్న స్వచ్ఛంద సంస్థలను నడిపేవారు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఏళ్ల తరబడి శ్రమపడి తయారు చేసుకున్న శిక్షణ పుస్తకాలు, సర్వే పత్రాలు, పాఠాలు, లెక్కలు అన్నీ అందరి ముందూ పెట్టేస్తే ఇక మాకంటూ మిగిలేదేమిటి, దాతలు మా దగ్గరికే ఎందుకు వస్తారు అన్నది మొదటిది. పెట్టాలనే ఉంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ చిక్కులు వస్తాయో తెలియడం లేదన్నది రెండోది. ఈ వ్యాసం ప్రధానంగా రెండో ప్రశ్నకు జవాబు. మొదటిదానికి ఇక్కడే క్లుప్తంగా సమాధానం చెప్పుకొని ముందుకు వెళదాం.

మీ పుస్తకాన్ని ఎవరైనా తీసుకోగలరు గానీ, ఊళ్లో మీకున్న నమ్మకాన్నీ మీ కార్యకర్తల అనుభవాన్నీ ఎవరూ తీసుకుపోలేరు. మధురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి తన పని పద్ధతులను దాచుకోలేదు సరికదా, వాటిని ఇతర ఆసుపత్రులకు నేర్పడానికే 1992లో లైకో అనే శిక్షణ సంస్థను నెలకొల్పింది. అంధత్వాన్ని తగ్గించడమే లక్ష్యమైనప్పుడు ఒక్క ఆసుపత్రి ఎన్ని శస్త్రచికిత్సలు చేసినా చాలదు కాబట్టి, ఇతరులకు నేర్పడం కూడా ఆ లక్ష్యంలో భాగమే అయింది. బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు, స్టోరీవీవర్ అనే వేదికను ప్రారంభించి, పిల్లల కథలను ఎవరైనా చదువుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు అనే అనుమతితో విడుదల చేసింది. ఈ రోజు అక్కడ తెలుగుతో సహా మూడు వందలకు పైగా భాషల్లో కథలు ఉన్నాయంటే, అంతమంది అనువాదకులను ఏ సంస్థా జీతాలిచ్చి పెట్టుకోలేదన్నది గమనించాలి. మన రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చడానికి నడిపిన బ్రిడ్జి కోర్సు శిబిరాల పద్ధతిని కూడా ప్రభుత్వాలు, ఇతర రాష్ట్రాల సంస్థలు అందిపుచ్చుకున్నాయి.

అయితే ఒక షరతు ఉంది. ఎదుటివారు నిజంగా వాడుకోగలిగితేనే మీకు మేలు జరుగుతుంది. అనుమతి స్పష్టంగా లేని పుస్తకం, తెరుచుకోని లింకు, మార్చడానికి వీలులేని ఫైలు పెట్టి “మేము అన్నీ పంచుకుంటున్నాం” అనుకుంటే శ్రమ మీది, ఫలితం ఎవరిదీ కాదు. కింది మెట్లన్నీ ఆ లోపం రాకుండా చూసుకోవడం కోసమే.

ముందుగా కావలసినవి

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, సంస్థ పేరుతో ఒక ఈమెయిల్ ఖాతా ఉంటే చాలు; వెబ్‌సైటు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. ఈమెయిల్ ఖాతా మాత్రం ఒక ఉద్యోగి సొంత ఖాతా కాకూడదు, ఎందుకంటే ఆ వ్యక్తి సంస్థను వదిలి వెళ్లిన రోజున ఫైళ్లన్నీ ఆయనతోనే వెళ్లిపోతాయి. వీటితో పాటు మీ కార్యవర్గం నుంచి ఒక తీర్మానం కావాలి. “ఫలానా పుస్తకాన్ని, ఫలానా లైసెన్సు కింద, ఫలానా తేదీ నుంచి ప్రజలందరికీ విడుదల చేయడానికి సమ్మతిస్తున్నాం” అని మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు తీసుకోండి. తర్వాత కార్యవర్గం మారినా, ఎవరికైనా అనుమానం వచ్చినా ఆ పేజీయే ఆధారం. ఈ పని బాధ్యత ఒకరికి అప్పగించి, వారంలో ఒక పూట దీనికే కేటాయించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది.

1. మొదట ఒకే ఒక వస్తువును ఎంచుకోండి

చాలామంది వార్షిక నివేదికతో మొదలుపెడతారు. అది పెట్టవలసిందే గానీ, దానివల్ల మరో సంస్థకు పని జరగదు. ఇతర సంస్థలవారు, టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు మీకు ఫోన్ చేసి “అది ఒకసారి వాట్సాప్‌లో పంపుతారా” అని ఏది అడుగుతున్నారో గుర్తు చేసుకోండి. మహిళా సంఘాలకు పుస్తక నిర్వహణ నేర్పే కరదీపిక కావచ్చు, గర్భిణుల ఆహారం మీద మీరు వేయించిన ఫ్లిప్‌చార్ట్ కావచ్చు, కొత్త కార్యకర్తలకు ఇచ్చే వారం రోజుల శిక్షణ ప్రణాళిక కావచ్చు, ఇంటింటి సర్వే పత్రం కావచ్చు. అడిగే వస్తువుకు గిరాకీ ముందే ఉంది కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి.

ఎవరూ ఏదీ అడగడం లేదనిపిస్తే, మీ కొత్త ఉద్యోగికి మొదటి వారంలో మీరు చేతిలో పెట్టే కాగితం ఏదో చూడండి. బయటివారికి కూడా సాధారణంగా అదే పనికొస్తుంది.

2. హక్కులు ఎవరివో తేల్చుకోండి

మీ సంస్థ పేరు అట్ట మీద ఉన్నంత మాత్రాన పుస్తకం మీద హక్కు మీదే అనుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం జీతం తీసుకునే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు సంస్థే. కానీ ఉచితంగా బొమ్మలు వేసిచ్చిన చిత్రకారుడు, సెలవుల్లో వచ్చి పాఠం రాసిచ్చిన విద్యార్థిని, అనువాదం చేసిపెట్టిన రిటైర్డ్ మాస్టారు మీ ఉద్యోగులు కారు. వారి పని మీద హక్కు వారిదే. నోటిమాటగా “వాడుకోండి” అన్నారన్నది చాలదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కు ఉంది. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టేది ప్రపంచమంతటికీ, ఎప్పటికీ చేరుతుంది కాబట్టి ఆ రెండు మాటలూ పత్రంలో ఉండి తీరాలి. అలాంటి పత్రం రాయించే బదులు సులువైన దారి ఏమిటంటే, రచయిత లేదా చిత్రకారుడు తన హక్కును తన దగ్గరే ఉంచుకొని, మీరు ఎంచుకున్న బహిరంగ లైసెన్సు కింద (అంటే ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి పత్రం; వివరాలు 4వ మెట్టులో) ఆ పనిని విడుదల చేయడానికి సమ్మతి తెలపడం. దానికి ఇంత రాస్తే సరిపోతుంది:

“ఈ పుస్తకం కోసం నేను వేసిన 24 బొమ్మలను క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద విడుదల చేయడానికి సమ్మతిస్తున్నాను. ఈ లైసెన్సు ప్రపంచమంతటా వర్తిస్తుందనీ, ఒకసారి ఇచ్చిన తర్వాత వెనక్కి తీసుకోలేననీ, బొమ్మలను ఇతరులు మార్చుకోవచ్చనీ, అమ్ముకోవచ్చనీ, వాడిన ప్రతిచోటా నా పేరు పేర్కొనవలసి ఉంటుందనీ నాకు వివరించారు.”

సంతకం, తేదీ, బొమ్మల జాబితా దానికి జతచేయండి. చివరి వాక్యంలో ఉన్నవన్నీ మీరు నిజంగానే కూర్చొని వివరించిన తర్వాతే సంతకం అడగండి.

మరో మూడుచోట్ల జాగ్రత్త అవసరం. గూగుల్‌లో వెతికి తీసుకున్న ఫొటోలు, బొమ్మలు ఉంటే తీసేయండి. ప్రచార పాటకు సినిమా బాణీ వాడి ఉంటే ఆ పాటను విడుదల చేయకండి. సాహిత్యం మీదైనా బాణీ మీది కాదు. చివరగా, ఆ పుస్తకానికి నిధులిచ్చిన దాతతో కుదిరిన ఒప్పందం తీసి చదవండి. తయారైన వస్తువుల మీద హక్కు దాతదేనని కొన్ని ఒప్పందాలలో రాసి ఉంటుంది. అలా ఉంటే ఒక ఉత్తరం రాసి అనుమతి కోరండి. తమ డబ్బుతో తయారైనది మరిన్ని ఊళ్లకు చేరుతుందంటే కాదనే దాతలు తక్కువే. కొత్త ఒప్పందాలకైతే ఆ సంగతి ముందే రాయించుకోండి.

3. మనుషుల వివరాలను తొలగించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. పని తెరిచి పెట్టడమంటే మనల్ని నమ్మి తమ కష్టం చెప్పుకున్నవారి బతుకులను తెరిచి పెట్టడం కాదు. ఇక్కడ తొందరపడితే జరిగే నష్టాన్ని ఏ సవరణా తిరిగి పూడ్చలేదు.

కొన్ని విషయాల్లో చట్టమే గీత గీసింది. సంరక్షణ అవసరమైన పిల్లల, చట్టంతో ఘర్షణ పడిన పిల్లల గుర్తింపును వెల్లడించకూడదని 2015 బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షను చెబుతుంది. లైంగిక నేరాలకు గురైన పిల్లల పేరు, చిరునామా, ఫొటో, బడి, కుటుంబ వివరాలు వెల్లడించడాన్ని పోక్సో చట్టం నిషేధిస్తుంది. హెచ్ఐవీ ఉన్నవారి వివరాల గోప్యతకు 2017 నాటి చట్టం ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. చట్టం అడ్డుచెప్పని చోట కూడా మన విచక్షణ ఉండాలి: అప్పుల పాలైన రైతు కుటుంబం, భర్త వేధింపులు తట్టుకోలేక బయటికి వచ్చిన స్త్రీ, వెట్టి నుంచి విడిపించిన కుటుంబం గురించి రాసేటప్పుడు పేరు ఒక్కటే మార్చితే సరిపోదు.

ఎందుకు సరిపోదో ఒక పట్టిక దగ్గర పెట్టుకొని చూద్దాం. మీ సర్వేలో ఒక గ్రామానికి సంబంధించిన వరుస ఇలా ఉందనుకోండి: గ్రామం పేరు, ఇళ్లు 212, ఒంటరి మహిళలు 9, వికలాంగులు 6, మానసిక అనారోగ్యానికి మందులు వాడుతున్నవారు 1. ఇందులో ఎవరి పేరూ లేదు. అయినా ఆ ఊరివాళ్లు చివరి అంకె చూడగానే అది ఎవరో చెప్పేస్తారు. అందువల్ల ఏ గడిలోనైనా అంకె 5 కంటే తక్కువగా ఉంటే ఆ గ్రామాన్ని పక్క గ్రామాలతో కలిపి మండలం స్థాయిలో చూపించండి, లేదా “5 కంటే తక్కువ” అని రాయండి. రెండో పద్ధతిలో మొత్తం సంఖ్య నుంచి తక్కిన గ్రామాలవి తీసివేస్తే దాచిన అంకె బయటపడుతుంది కాబట్టి, మండలం స్థాయికి కలపడమే మేలు.

ఫైళ్లలో కనబడకుండా ఉండిపోయే వివరాలు మరికొన్ని ఉంటాయి. విడుదల చేసే ముందు ఇవన్నీ చూడండి:

- ఎక్సెల్ ఫైలులో దాచిన నిలువు వరుసలు, దాచిన షీట్లు ఉండవచ్చు. సారాంశ పట్టిక ఒక్కటే మిగిల్చినా దాని వెనుక అసలు పేర్ల జాబితా నిలిచి ఉండే అవకాశం ఉంది. కావలసిన షీటును సీఎస్‌వీ (అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండే సాదా పట్టిక) రూపంలో వేరుగా భద్రపరచి దాన్నే పెట్టండి.
- పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీస్తే పేరు పోదు. డబ్బాను ఎంచుకొని కాపీ చేసి వేరేచోట అతికిస్తే కింద ఉన్న అక్షరాలు బయటికి వస్తాయి. అసలు ఫైలులో పేరు చెరిపేసి, కొత్తగా పీడీఎఫ్ చేయండి.
- ఫోన్‌తో తీసిన ఫొటోలో ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండవచ్చు. విండోస్‌లో ఫొటో ప్రాపర్టీస్‌లోకి వెళ్లి వ్యక్తిగత సమాచారం తొలగించే ఎంపికను నొక్కండి.
- ఫొటో నేపథ్యంలో బడి బోర్డు, రేషన్ కార్డు, గోడ మీద రాసిన పేరు కనబడుతున్నాయేమో పెద్దది చేసి చూడండి.

ఫొటోల విషయంలో సమ్మతి తెలుగులోనో, వారు మాట్లాడే భాషలోనో అడగాలి. “మీ ఫొటో ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఎవరైనా చూస్తారు, తర్వాత మేము తీసేసినా వేరేవారి దగ్గర ఉండిపోవచ్చు” అని చెప్పి మరీ అడగాలి. సాయం అందుకునే వరుసలో నిలబడి ఉన్న మనిషి కాదనలేడు కాబట్టి, ఆ సమయంలో తీసుకున్న సమ్మతిని సమ్మతిగా లెక్కించకండి. ప్రత్యామ్నాయం సులువు: చేతులు, పనిముట్లు, పొలం, తరగతి గదిని వెనుక నుంచి తీసిన ఫొటోలు, లేదా బొమ్మలు వాడవచ్చు. శిక్షణ పుస్తకానికి ముఖాలు నిజానికి అవసరం లేదు.

4. లైసెన్సును ఎంచుకొని, మొదటి పేజీలోనే రాయండి

ఏమీ రాయకపోతే “అన్ని హక్కులూ రచయితవే” అని చట్టం అర్థం చేసుకుంటుంది. ఉచితంగా దొరుకుతోంది కదా అని మరో సంస్థ అచ్చు వేసుకోవడానికి వెనకాడటానికి కారణం అదే. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఈ అవసరం కోసమే తయారైన అనుమతి పత్రాలు. మొత్తం ఆరు రకాలున్నా, మీరు ఆలోచించవలసినవి రెండే.

సీసీ బై (పైన చెప్పిన క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్) కింద మీ పేరు చెప్పి ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. సీసీ బై-ఎస్ఏ అయితే మార్చి విడుదల చేసేవారు కూడా అదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి. మీ పుస్తకం వీలైనన్ని చోట్లకు చేరాలనుకుంటే మొదటిది, దాన్ని ఎవరో మెరుగుపరచి తలుపులు వేసుకుంటారేమోననే బెంగ ఉంటే రెండోది ఎంచుకోండి. సర్వే అంకెల పట్టికలకైతే ఏ షరతూ లేని సీసీ జీరో కూడా పరిశీలించవచ్చు.

వాణిజ్యానికి వాడకూడదనే ఎన్‌సీ షరతు చూడగానే చాలా సంస్థలకు నచ్చుతుంది. మనం ఉచితంగా ఇచ్చినదాన్ని ఎవరో అమ్ముకోవడం ఏమిటన్న బాధ సహజమే. కానీ ఆ షరతు పెట్టగానే ఫీజు తీసుకునే ప్రైవేటు బడి, ప్రకటనలు వేసుకునే పత్రిక, ఖర్చులకు ఇరవై రూపాయలు తీసుకునే చిన్న ప్రచురణ సంస్థ తమకు వర్తిస్తుందో లేదో తేల్చుకోలేక వెనక్కి తగ్గుతాయి. వికీపీడియాలో, వికీమీడియా కామన్స్‌లో కూడా దాన్ని చేర్చుకోరు. ఇక మార్పులు చేయకూడదనే ఎన్‌డీ షరతు మనలాంటిచోట మరీ నష్టం చేస్తుంది. అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది కాబట్టి, మీ తెలుగు ఆరోగ్య పుస్తకాన్ని గోండిలోకో, కోయలోకో, లంబాడీలోకో మార్చి పంచాలనుకునేవారికి దారి మూసుకుపోతుంది. నా అభిప్రాయం అడిగితే ఈ రెండు షరతులూ వద్దంటాను.

మందుల మోతాదులాంటివి ఎవరైనా తప్పుగా మార్చి మీ పేరుతో తిప్పుతారనే భయం ఉంటే, దానికి వేరే ఏర్పాటు ఉంది. మార్చినవారు మార్చిన సంగతి చెప్పాలని లైసెన్సులోనే ఉంది. దానికి తోడు “సంస్థ లోగో ఈ లైసెన్సు కిందకు రాదు, మార్చిన ప్రతుల మీద లోగో వాడరాదు” అని ఒక వాక్యం చేర్చి, అసలు ప్రతి దొరికే లింకును ప్రతి పేజీ అడుగున ముద్రించండి.

మొదటి పేజీలో రాయవలసింది ఇదీ: “ఈ పుస్తకం క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద విడుదలైంది. మా సంస్థ పేరు, లైసెన్సు లింకు ఇచ్చి, మార్పులు చేస్తే ఆ సంగతి తెలిపి, ఎవరైనా దీన్ని కాపీ చేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు. మా అనుమతి ప్రత్యేకంగా కోరనవసరం లేదు.” చివరి వాక్యం అనవసరమనిపించవచ్చు గానీ, మనవాళ్లు మర్యాద కొద్దీ ఫోన్ చేసి అడిగేందుకు మొహమాటపడి ఊరుకుంటారు కాబట్టి అది ఉండాలి.

హెచ్చరిక: ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు. అందుకే 2వ, 3వ మెట్లు పూర్తికాకుండా ఇక్కడికి రాకండి.

5. ఫైలును ఇతరులు మార్చుకోగలిగేలా తయారు చేయండి

తెలుగు సంస్థలు ఎక్కువగా తట్టుకొని పడేది ఇక్కడే. మన పుస్తకాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చినవి. తెర మీద చక్కని తెలుగే కనబడుతుంది గానీ, కంప్యూటరుకు అది తెలుగు కాదు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు.

మీ పుస్తకం ఏ కోవలో ఉందో తెలుసుకోవడానికి, పీడీఎఫ్ తెరిచి “స్త్రీ”, “రాష్ట్రం”, “లక్ష్యం” లాంటి మాటలున్న ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు సరిగ్గా కనబడితే అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే మార్చవలసి ఉంటుంది. వాక్యం తెలుగులోనే ఉండి ఒత్తులు మాత్రం చెదిరిపోతే పీడీఎఫ్ తయారైన తీరులో లోపం ఉన్నట్టు; అప్పుడు మూల ఫైలును కూడా పెట్టడమే పరిష్కారం.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటిలో వేసినంత మాత్రాన పని అయిపోదు. ఒత్తులు, క్షకారాలు, అంకెలు, కొటేషన్ గుర్తులు మారిపోతుంటాయి. ముఖ్యంగా మోతాదులు, తేదీలు, రూపాయలు ఉన్న వాక్యాలను పాత అచ్చు పుస్తకం పక్కన పెట్టుకొని ఒక్కొక్కటే సరిచూడాలి. టైపు చేసినవారు కాకుండా వేరొకరు ఆ పని చేస్తే తప్పులు బాగా దొరుకుతాయి. పుస్తకం చిన్నదైతే మళ్లీ టైపు చేయించడమే త్వరగా తేలుతుంది.

ఫాంటుకు డబ్బు పెట్టవలసిన పని లేదు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఆధ్వర్యంలో తయారైన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఒక సంస్థ తన పనిని తెరిచి పెడితే మిగతా వారికి ఎంత ఖర్చు తగ్గుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

విడుదల చేసేటప్పుడు రెండు రూపాలు కలిపి పెట్టండి: చదవడానికి, అచ్చుకు పీడీఎఫ్, మార్చుకోవడానికి వర్డ్ లేదా లిబ్రెఆఫీస్ ఫైలు. బొమ్మలను వేరే ఫోల్డరులో పూర్తి నాణ్యతతో ఉంచండి. వాట్సాప్‌లో ఫొటోగా వెళ్లిన బొమ్మ కుదించుకుపోతుంది, దాన్ని అచ్చుకు వాడలేరు. ఫైలు పేరు “ఫైనల్ కొత్తది 2” అని కాకుండా పుస్తకం పేరు, కూర్పు, సంవత్సరం తెలిసేలా పెట్టండి.

6. రెండుచోట్ల పెట్టండి

మీ వెబ్‌సైటు ఉంటే అక్కడ ఒకటి, మీ సంస్థ అదుపులో లేని శాశ్వత భండారంలో మరొకటి ఉండాలి. వెబ్‌సైటు చందా కట్టడం మరిచిపోతే పేజీ మాయమవుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఖాతా తెరిచి పుస్తకాలను ఎక్కించవచ్చు, లైసెన్సును అక్కడే ఎంచుకోవచ్చు. ఫొటోలను, బొమ్మలను వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాలకూ పనికొస్తాయి. పిల్లల కథలైతే స్టోరీవీవర్ ఉంది. వీడియోలను యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు లైసెన్సు దగ్గర క్రియేటివ్ కామన్స్ ఎంపిక ఉంటుంది. అది ముందే ఎంచి ఉండదు, మీరే మార్చాలి.

గూగుల్ డ్రైవ్ ఒక్కటే ఉంటే కూడా నడుస్తుంది గానీ, లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అనే అమరిక చేయకపోతే తెరిచిన ప్రతివారికీ అనుమతి కోరమనే సందేశం వస్తుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. అలాగే “దిద్దవచ్చు” అనే అనుమతి ఇచ్చారంటే ఎవరో ఒకరు మీ అసలు ఫైలునే మార్చేస్తారు.

డౌన్‌లోడుకు ముందు పేరు, ఫోన్ నంబరు, సంస్థ వివరాలు నింపమనే ఫారాలు పెట్టకండి. ఎవరు వాడుతున్నారో తెలుసుకోవాలనే కోరిక న్యాయమైనదే. దానికి మార్గం కింద చెప్పాను.

7. లెక్కలను, ఫలించని పనులను కూడా చేర్చండి

పుస్తకం ఒకటి బయటికి వెళ్లి కొంత ధైర్యం వచ్చాక ఈ మెట్టుకు రండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థలు ఆ విరాళాలకు సంబంధించిన ఆడిట్ లెక్కలను ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా తమ వెబ్‌సైటులోనో, కేంద్రం సూచించిన వెబ్‌సైటులోనో పెట్టడం ఎలాగూ తప్పనిసరి. మిగతా సంస్థలు కూడా ఆడిట్ నివేదికతో పాటు, సామాన్యుడికి అర్థమయ్యే ఒక పేజీ సారాంశం పెడితే మంచిది: ఎంత వచ్చింది, జీతాలకెంత, ప్రయాణాలకెంత, కార్యక్రమాలకెంత, మిగిలిందెంత. జీతాల అంకెను దాచి కార్యక్రమాల కింద కలిపేయకండి. పని చేసేది మనుషులే కాబట్టి జీతాలు ఉంటాయి, ఆ మాట నిర్భయంగా చెప్పాలి. దాతల పేర్లు వారి సమ్మతితోనే పెట్టండి. పాన్ నంబర్లు, చిరునామాలు, ఖాతా వివరాలు ఏ పేజీలోనూ కనబడకూడదు. స్కాన్ చేసిన ఆడిట్ నివేదికలో సంతకాలు, పాన్ కనబడుతుంటే వాటిని తొలగించిన ప్రతినే ఎక్కించండి.

ఫలించని పనుల గురించి రాయడానికి చాలామంది జంకుతారు. కెనడాలోని ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ 2008 మొదలుకొని వైఫల్యాల నివేదికలను విడిగా ప్రచురించింది, దానివల్లే ఆ సంస్థ పేరు ఈ రంగంలో అందరికీ తెలిసింది. మీరు అంత పెద్ద నివేదిక రాయనక్కరలేదు, ఒక పేజీ చాలు. ఏం అనుకొని మొదలుపెట్టాం, ఏం జరిగింది, కారణం ఏమిటని తేలింది, ఏం మార్చాం అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఉదాహరణకు ఆడపిల్లల కోసం పెట్టిన సాయంత్రపు ట్యూషన్‌కు ఎవరూ రావడం లేదనుకుందాం. “తల్లిదండ్రుల్లో అవగాహన లోపించింది” అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. “మేము పెట్టిన ఆరు గంటల సమయానికే ఊళ్లో కుళాయి నీళ్లు వస్తాయి, పట్టవలసింది ఆడపిల్లలే, ఉదయానికి మార్చాం” అని రాస్తే పక్క మండలంలోని సంస్థ ఆ తప్పు చేయకుండా ఆగుతుంది. నెపం ఊరివాళ్ల మీద, కింది కార్యకర్తల మీద పడకుండా రాయడం ముఖ్యం.

దాతకు మీరు పంపిన నివేదికలో ఒకటి, బహిరంగంగా మరొకటి ఉండకూడదు. ముందు దాతకు చెప్పి, ఆ తర్వాతే పెట్టండి.

8. అడిగినవారికి తెలియజేయండి

పెట్టి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. 1వ మెట్టులో గుర్తుచేసుకున్నవారందరికీ లింకుతో పాటు “మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు” అన్న మాటను తెలుగులో రాసి పంపండి. పుస్తకం చివరి పేజీలో, లింకు పక్కన ఒకే ప్రశ్న ఉంచండి: “మీరు దీన్ని ఎక్కడ, ఎలా వాడారో ఒక మాట రాస్తారా?” దాని కింద సంస్థ ఈమెయిల్ ఉంటే చాలు. ఇష్టమున్నవారు వాడిన తర్వాత రాస్తారు. వాడకముందే నింపించుకున్న ఫారం కంటే అది మీకు ఎక్కువ చెబుతుంది.

తప్పులు ఎత్తిచూపుతూ ఉత్తరాలు వస్తాయి. వాటికి ఒక వారంలో జవాబివ్వండి, సరిదిద్దిన కూర్పులో ఏ పేజీలో ఏం మారిందో ఒక జాబితా పెట్టండి, తప్పు చెప్పినవారి పేరును వారి సమ్మతితో చేర్చండి. డబ్బు ఖర్చు లేకుండా మీ పుస్తకాన్ని పరిశీలించే నిపుణులు వీళ్లే.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

విడుదలైన రోజునే ఒక పరీక్ష పెట్టండి. మీ సంస్థతో సంబంధం లేని ఒకరికి, ఒక టీచరుకో మరో సంస్థ కార్యకర్తకో, పుస్తకం పేరు మాత్రమే చెప్పండి, లింకు ఇవ్వకండి. తమ ఫోన్‌లో వెతికి పట్టుకోగలిగారా, లాగిన్ అడగకుండా తెరుచుకుందా, వాడుకోవచ్చో లేదో పేజీ చూసి చెప్పగలిగారా, వర్డ్ ఫైలులో తమ ఊరి పేరు చేర్చి ఒక పేజీ అచ్చు తీసుకోగలిగారా అన్నది గమనించండి. మధ్యలో మీకు ఫోన్ చేయవలసి వచ్చిందంటే, ఏ మాట కోసం చేశారో అదే సరిదిద్దవలసిన చోటు.

ఆ తర్వాత మూడు నెలలకొకసారి చూడండి. పుస్తకంలోని ఒక ప్రత్యేకమైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే ఎవరెవరు వాడుతున్నారో కొంత తెలుస్తుంది. యూనికోడ్‌లోకి మార్చడం వల్ల దొరికే లాభాల్లో ఇదొకటి. మీ పేరు లేకుండా ఎవరైనా వాడి ఉంటే వెంటనే నోటీసు పంపకండి, పేరు చేర్చమని ఒక మర్యాదైన ఉత్తరం రాయండి. ఎలా చేర్చాలో తెలియకే చాలామంది వదిలేస్తారు కాబట్టి, అతికించడానికి సిద్ధంగా ఒక వాక్యం రాసి పంపితే పని సులువవుతుంది.

డౌన్‌లోడుల సంఖ్యను చూసి సంతోషపడటం గానీ నిరాశపడటం గానీ వద్దు. ఒక నోటు పుస్తకంలో వీటిని రాసుకోండి: వచ్చిన దిద్దుబాట్లు, జరిగిన అనువాదాలు, మీ పద్ధతిని మొదలుపెట్టిన సంస్థలు, “మీ పుస్తకం చూసి వచ్చాం” అన్న దాతలు, స్వచ్ఛంద కార్యకర్తలు, అదే ఫైలు పంపమంటూ వచ్చే ఫోన్లు ఎంత తగ్గాయన్నది. తర్వాత సీఎస్ఆర్ నిధులకు (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చేవి) దరఖాస్తు చేసేటప్పుడు, “మా పని ఇతరులకు ఉపయోగపడుతోంది” అనే వాక్యానికి ఈ నోటు పుస్తకమే రుజువు.

ఆరు నెలలైనా ఈ నోటు పుస్తకంలో ఏమీ పడకపోతే రెండో పుస్తకం విడుదల చేయడానికి తొందరపడకండి. అడిగినవారిలో ఇద్దరికి ఫోన్ చేసి, ఎందుకు వాడలేదో కనుక్కోండి. పుస్తకం మరీ పెద్దదనో, మీ జిల్లా పథకాల పేర్లతో నిండి ఉందనో, ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉన్నాయనో కారణం తెలుస్తుంది. చాలాసార్లు 80 పేజీల పుస్తకం నుంచి 6 పేజీల భాగాన్ని విడదీసి పెట్టగానే వాడకం మొదలవుతుంది.